నరసింహారెడ్డి కేసులో ఎవరూ అడగని మొదటి ప్రశ్న



ఈ వారం వీడియోలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవితం చెప్పుకున్నాం. పోరాటం, కొండలు, ఉరి... ఇవి చెప్పేసరికే టైమ్ అయిపోయింది. ఆయన మీద నడిచిన విచారణ గురించి రెండు ముక్కలు కూడా సరిగ్గా చెప్పలేదు. నిజానికి నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ విచారణే. అందుకే దాని గురించి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

భక్తి ఛానల్‌లో ఉరిశిక్ష కేసు ఏంటి అని మీలో కొందరికి అనిపించొచ్చు. ధర్మం అనే మాట మనం రోజూ వాడతాం. పూజలో వాడతాం, పండగ శుభాకాంక్షల్లో వాడతాం. కానీ ఒక మనిషి ప్రాణం తీయాలా వద్దా అని నలుగురు కూర్చుని తేల్చే చోట ఆ మాట నిలబడుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష. మన సీమలో అలాంటి పరీక్ష 1847లో జరిగింది.

రేనాటి బిడ్డ

కర్నూలు, కడప జిల్లాల మధ్య నల్లరేగడి నేలల్ని రేనాడు అంటారు. వాన పడితే ఆ మట్టిలో కాలు దిగబడిపోద్ది. వాన లేకపోతే అదే మట్టి నెర్రెలిచ్చి నోరు తెరుస్తుంది. ఒకవైపు నల్లమల, ఆ అడవిలో అహోబిలం. ఇంకోవైపు ఎర్రమల, ఆ కొండల్లో యాగంటి. ఆ మధ్యలో ఉంది ఉయ్యాలవాడ. దానికి దగ్గర్లోనే రూపనగుడి. నరసింహారెడ్డి 1806లో అక్కడే పుట్టాడని చెప్తారు. తండ్రి పెదమల్లారెడ్డి. తల్లి తరఫు తాత జయరామిరెడ్డి నొస్సం పాలెగాడు.

పాలెగాడు అంటే సినిమాలో చూపించినట్టు మీసాలు తిప్పే దొర ఒక్కటే కాదు. విజయనగర రాజుల కాలం నుంచి వస్తున్న ఒక పద్ధతి అది. కొన్ని ఊళ్లు చేతిలో ఉంటాయి. అక్కడ శిస్తు వసూలు చేయాలి, దొంగల నుంచి ఊరిని కాపాడాలి, రాజు పిలిస్తే మనుషుల్ని తీసుకుని యుద్ధానికి పోవాలి. వాళ్లలో మంచివాళ్లు ఉన్నారు, జనాన్ని పీడించినవాళ్లూ ఉన్నారు. ఈ రెండో మాట కూడా మనం మర్చిపోకూడదు.

1800లో హైదరాబాద్ నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాడు. అందుకే దీన్ని దత్తమండలాలు అనేవాళ్లు. రాయలసీమ అన్న పేరు చాలా ఆలస్యంగా, 1928లో వచ్చింది. కంపెనీ తరఫున ఇక్కడికి మొదట వచ్చిన ప్రధాన కలెక్టర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 వరకు ఉన్నాడు. మంత్రాలయం వీడియోలో మనం చెప్పుకున్న మన్రో ఈయనే. ఆయన దగ్గరికి మళ్లీ వస్తాను.

మన్రో పాలెగాళ్ల ఆయుధాలు, అధికారం తీసేశాడు. శిస్తు నేరుగా రైతు నుంచి కంపెనీకే పోయేలా రైత్వారీ పద్ధతి పెట్టాడు. పాలెగాళ్లలో చాలామందికి నెలనెలా భరణం ఇచ్చారు, అంటే పింఛను. నరసింహారెడ్డి కుటుంబానికి వచ్చే భరణం నెలకు 70 రూపాయలు. అన్నదమ్ములు, దాయాదులు పంచుకోగా నరసింహారెడ్డి వాటాకి వచ్చింది 11 రూపాయల 10 అణాల 8 పైసలు. లెక్కేస్తే 70లో సరిగ్గా ఆరోవంతు. తాతల కాలంలో ఊళ్లు ఏలిన ఇంట్లో పుట్టినవాడు, నెలనెలా కోయిలకుంట్ల ఖజానా ముందు ఆ డబ్బు కోసం మనిషిని నిలబెట్టాల్సి వచ్చింది.

కట్టుబడుల గోడు

ఇంతవరకు ఇది ఒక దొర కుటుంబం కథే. ఇంతే అయ్యుంటే జనం ఆయన వెనక కదిలేవాళ్లు కాదేమో. కదిలింది కట్టుబడులు.

ఊరికి కాపలా కాసేవాళ్లని కట్టుబడులు అనేవాళ్లు. వాళ్లకి జీతం ఉండదు. దానికి బదులు కొంత భూమిని ఇనాంగా, చాలా తక్కువ పన్నుకి, ఇస్తారు. తండ్రి కాపలా కాస్తే కొడుకూ కాస్తాడు, ఆ భూమీ అలాగే కొడుక్కి వస్తుంది. కంపెనీ సొంత పోలీసుల్ని పెట్టుకున్నాక వీళ్ల అవసరం తగ్గింది. 1846లో గూడ్లదుర్తి, కోయిలకుంట్ల, నొస్సం ప్రాంతాల్లో ఇనాందారులు కొందరు చనిపోతే వాళ్ల భూముల హక్కుల్ని ప్రభుత్వం తీసేసుకుంది. కాగితం మీద చూస్తే అది ఒక రెవెన్యూ ఉత్తర్వు మాత్రమే. ఇంట్లో చూస్తే తండ్రి పోయిన దుఃఖం తీరకముందే పొలం కూడా పోయింది.

మీకు ఇక్కడ ఝాన్సీ, నానాసాహెబ్ గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. వారసుడు లేడని రాజ్యం కలిపేసుకోవడం, తండ్రితోనే పింఛను ఆపేయడం 1850ల్లో ఉత్తరాదిలో పెద్ద మంట రేపాయి. అదే లెక్క చిన్న చిన్న పొలాల మీద మన రేనాట్లో పదేళ్ల ముందే నడిచింది.

అదే ఏడాది నరసింహారెడ్డి భరణం కోసం మనిషిని పంపితే కోయిలకుంట్ల తహసీల్దారు డబ్బు ఇవ్వకుండా, కావాలంటే ఆయన్నే స్వయంగా రమ్మని అవమానించి పంపాడని జనం చెప్పుకుంటారు. ఆ మాట ఎలా అన్నాడో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ సీమలో ఈ కథ చెప్పే ప్రతివాళ్లూ ఈ ఘట్టం దగ్గర గొంతు పెంచుతారు.

మూడు నెలల పోరు

1846 జూలై 10న నరసింహారెడ్డి మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. బోయలు, చెంచులు, యానాదులు, ఇనాం పోయిన కట్టుబడులు, మామూలు రైతులు ఆయనతో నడిచారు. వడ్డె ఓబన్న ఆయన కుడిభుజం. అవుకు రాజు తోడుగా నిలిచాడు. ఖజానా కాపలాదారు, తహసీల్దారు ఆ దాడిలో చనిపోయారని చెప్తారు. దొరికిన సొమ్ము ఎనిమిది వందల రూపాయల పైచిలుకు. ఆ తర్వాత మిట్టపల్లి దగ్గర పోలీసు అధికారులు కొందరు చనిపోయారు. రుద్రవరం కూడా దోపిడీకి గురైంది.

కంపెనీ సైన్యం వెంటపడింది. ఒక దశలో నరసింహారెడ్డి వెంట 5,000 మంది దాకా ఉన్నారు. ఒక పోరులో ఆయన వైపు 200 మంది వరకు చనిపోయారు. అక్కడి నుంచి గిద్దలూరు వైపు కొత్తకోటకి పోయి, కుటుంబాన్ని తీసుకుని నల్లమలలోకి వెళ్లాడు. ఆచూకీ చెప్పినవాళ్లకి ప్రభుత్వం బహుమతి ప్రకటించింది. చివరికి 1846 అక్టోబర్ 6న పేరుసోమల దగ్గర కొండల్లో చుట్టుముట్టి పట్టుకున్నారు. ఆ చివరి పోరులోనూ 40, 50 మంది ప్రాణాలు పోయాయి. 90 మంది దొరికారు.

విచారణ

ఇప్పుడు మనం అనుకున్న చోటికి వచ్చాం.

అప్పట్లో కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. కడప యాక్టింగ్ కలెక్టర్ కాక్రేన్. తిరుగుబాటుకి హైదరాబాద్, కర్నూలు వైపు పింఛనుదార్ల సాయం కూడా ఉందని ఆయన నమ్మాడు. దాదాపు 1,000 మంది మీద వారెంట్లు పుట్టాయి. అందులో 412 మందిని ఏ అభియోగమూ లేకుండా వదిలేశారు. 273 మందికి బెయిల్ ఇచ్చారు. 112 మందికి శిక్ష పడింది. నరసింహారెడ్డి మీద తిరుగుబాటు, హత్య, దోపిడీ నేరాలు మోపారు. మరణశిక్ష వేశారు.

ఈ అంకెలు చదివినప్పుడు నాకు రెండు ఆలోచనలు ఒకేసారి వచ్చాయి. 412 మంది మీద మోపడానికి నేరమే దొరకలేదంటే, దొరికినవాళ్లని దొరికినట్టు పట్టుకున్నారన్నమాట. ఇది ఒక వైపు. అంతమందిని వదిలేశారంటే సాక్ష్యం ఉందా లేదా అని ఎవరో కొంతైనా చూశారన్నమాట. ఇది రెండో వైపు. రెండూ నిజమే కావొచ్చు. అందుకే ఇది ఉత్త నాటకం అని ఒక్క మాటతో నేను తీసిపారేయలేను.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో 2,000 మందికి పైగా జనం చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరి తీశారు. ఆయనకి అప్పటికి 40 ఏళ్లు. తలని కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉంది.

ఆ లెక్క ఒకసారి చూడండి. 30 ఏళ్లు. ఉరి తీసిన రోజు పుట్టిన బిడ్డ పెరిగి, పెళ్లి చేసుకుని, తన బిడ్డల్ని ఎత్తుకుని అదే గుమ్మం ముందు నుంచి నడిచి ఉంటాడు. 1877 అంటే సీమని తుడిచిపెట్టిన పెద్ద కరువు కాలం. అప్పటిదాకా ఆ తల అక్కడే ఉంది. మన సంప్రదాయంలో శత్రువుకైనా సంస్కారం దక్కాలి. రావణుడికి కూడా రాముడు దహన సంస్కారాలు చేయించాడు, అదీ విభీషణుడు వెనకాడినప్పుడు దగ్గరుండి ఒప్పించి. చావుతో పగ అయిపోవాలన్నది మన ధర్మం. కోర్టు వేసిన శిక్ష ఉరితో అయిపోయింది. కోట గుమ్మం మీద 30 ఏళ్లు నడిచింది శిక్ష కాదు, భయపెట్టడం.

మీరు ఆ కుర్చీలో ఉంటే

సరే, ఇప్పుడు మీరు న్యాయమూర్తి అనుకోండి. కంపెనీ తరఫు వాదన వినండి. ఖజానా మీద దాడి జరిగింది. ఉద్యోగం చేసుకుంటున్న మనుషులు చనిపోయారు. వాళ్లు తెల్లదొరలు కూడా కాదు, ఇక్కడివాళ్లే. వాళ్లకీ భార్యాబిడ్డలు ఉంటారు. భరణం ఆలస్యమైందనో, మాట పడ్డాడనో ప్రాణాలు తీయొచ్చా? ఏ రాజ్యంలో అయినా, ఏ రాజు పాలనలో అయినా ఇది నేరమే. కాదనడానికి లేదు.

ఇప్పుడు రెండో వైపు. నేరం మోపింది కంపెనీ. పట్టుకున్నది కంపెనీ. తీర్పు చెప్పింది కంపెనీ నియమించిన అధికారి. పొలం తీసుకున్నదీ అదే కంపెనీ. కోర్టు ముందున్న ప్రశ్నలు ఏంటి? ఖజానా ఎవరు దోచారు, మనుషుల్ని ఎవరు చంపారు, ఎవరు తిరగబడ్డారు. ఆ పొలం అసలు ఎవరిది, దాన్ని తీసుకునే హక్కు ఎవరిచ్చారు అన్నది ఆ నేరాల పట్టికలో లేదు. ఉండే వీలు కూడా లేదు. ఎందుకంటే ఆ ప్రశ్న అడిగితే బోనులో నిలబడాల్సింది ఇంకొకరు.

మహాభారతం తెలిసినవాళ్లకి ఈ చోటు కొత్తేం కాదు. కౌరవ సభలో ద్రౌపది ఏడ్చి ఊరుకోలేదు. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాడా, తనను ముందు ఓడాడా అని అడిగింది. తనను తానే పోగొట్టుకున్నవాడికి ఇంకొకరిని పణంగా పెట్టే హక్కు ఎక్కడిది? మొత్తం ఆట చెల్లుతుందా లేదా అన్నది ఆ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. భీష్ముడు ధర్మం చాలా సూక్ష్మమైందని చెప్పి తేల్చకుండా వదిలేశాడు. విదురుడు, వికర్ణుడు మాట్లాడినా సభ వినలేదు. సభలో పాచికలాట పూర్తిగా సాగింది. మొదటి ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేదు. ఆ చెప్పని జవాబే కురుక్షేత్రం దాకా వచ్చింది.

నరసింహారెడ్డి కేసూ నాకు అలాగే కనిపిస్తుంది. చివరి ప్రశ్న అడిగారు, జవాబు రాబట్టారు, శిక్ష వేశారు. మొదటి ప్రశ్న అడగలేదు.

మంత్రాలయంలో అడిగిన ప్రశ్న

అడిగి ఉంటే ఏమయ్యేది? దానికి మన సీమలోనే ఒక కథ ఉంది. మంత్రాలయం రాఘవేంద్రస్వామి మఠం భూముల ఇనాం విషయం కంపెనీ ముందుకు వచ్చింది. విచారించడానికి మన్రో స్వయంగా మఠానికి వచ్చాడు. టోపీ, చెప్పులు తీసి బృందావనం ముందు నిలబడితే స్వామివారు ఆయనకి కనిపించి, భూమి వివరాలన్నీ మాట్లాడారని, పక్కనున్నవాళ్లకి ఏమీ వినపడలేదని భక్తులు చెప్తారు. ఇనాం మఠానికే ఉండిపోయింది.

మనం ఈ కథని మహిమగా చెప్పుకుంటాం. నేనూ అలాగే నమ్ముతాను. కానీ అందులో ఇంకో సంగతి కూడా ఉంది చూడండి. ఒక అధికారి ఫైలు మీద సంతకం పెట్టే ముందు భూమి ఉన్న చోటికి వచ్చాడు. తన హోదాని గుమ్మం బయట వదిలాడు. అవతలివైపు చెప్పేది పూర్తిగా విన్నాడు. ఆ తర్వాతే నిర్ణయం తీసుకున్నాడు. పాలెగాళ్ల విషయంలో కఠినంగా ఉన్న అదే మన్రో, ఆ ఒక్క చోట వినగలిగాడు. 1827లో కర్నూలు దగ్గర పత్తికొండలో కలరాతో చనిపోయేదాకా సీమలో ఆయన పేరు గౌరవంగానే చెప్పుకున్నారు. కడప జిల్లా గండి ఆంజనేయస్వామి క్షేత్రంలో బంగారు తోరణం ఆయనకి కనిపించిందని కూడా కథ ఉంది.

గూడ్లదుర్తి కట్టుబడి ఇంటికి అలా ఎవరూ రాలేదు. ఆ ఇంటి గుమ్మం ముందు ఎవరూ చెప్పులు విప్పలేదు. అడిగేవాళ్లు ఉంటే ఆ ఇంటివాళ్లూ చెప్పుకునేవాళ్లు.

విచారణ వేరు, న్యాయం వేరు

1775లో కలకత్తాలో మహారాజా నందకుమార్‌ని ఫోర్జరీ నేరం మీద ఉరి తీశారు. ఇంగ్లండ్ చట్టంలో దానికి మరణశిక్ష ఉంది. ఈ దేశపు ధర్మంలో లేదు. కోర్టు ఉంది, సాక్షులు ఉన్నారు, తీర్పు ఉంది. ఆ చట్టం ఇక్కడి మనిషికి వర్తిస్తుందా అన్నది మాత్రం ఈరోజుకీ వాదనే. 1924లో అల్లూరి సీతారామరాజుకి ఆ కోర్టు కూడా లేదు, పట్టుకున్నాక కాల్చేశారు. నరసింహారెడ్డి ఈ ఇద్దరి మధ్యలో నిలబడతాడు. విచారణ జరిగింది. న్యాయం జరిగిందా అంటే, సగం జరిగింది అనాలి. సగం న్యాయం ఒక్కోసారి అన్యాయం కంటే మొండిది. ఎందుకంటే దాని చేతిలో కాగితాలు ఉంటాయి.

అలాగని ఇంకో సగాన్ని మనం పోగొట్టుకోకూడదు. 2019లో చిరంజీవిగారి సైరా నరసింహారెడ్డి వచ్చాక ఈ పేరు దేశమంతా తెలిసింది. 2021లో కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. సంతోషం. కానీ సినిమా చూసి విజిల్ వేసేటప్పుడు ఖజానా గుమ్మం దగ్గర పడిపోయిన కాపలాదారు మనకి గుర్తురాడు. మొదటి ప్రశ్న అడగడం అంటే చివరి ప్రశ్నని చెరిపేయడం కాదు. పొలం పోయిన కట్టుబడిదీ ప్రాణమే, జీతానికి కాపలా కాసినవాడిదీ ప్రాణమే. ఇద్దరి కోసమూ బాధపడగలిగితేనే మనం ధర్మం గురించి మాట్లాడే అర్హత సంపాదించుకున్నట్టు.

ఇది 1847తో అయిపోయిన విషయం కాదు ఫ్రెండ్స్. ఆఫీసులో ఒకరు ఒకరోజు గట్టిగా అరుస్తారు. అందరం ఆ అరుపు గురించే మీటింగ్ పెడతాం. ఇంట్లో చిన్నకోడలు ఒక మాట తూలుతుంది. ఆ మాట పదేళ్లు చెప్పుకుంటాం. ఆస్తి పంపకాల్లో తమ్ముడు కోర్టుకెక్కితే ఊరంతా తమ్ముణ్ణి తప్పుబడుతుంది. అరుపు తప్పే కావొచ్చు, మాట తప్పే కావొచ్చు. కానీ దానికి ముందు ఏం జరిగింది, ఎన్నిసార్లు నెమ్మదిగా అడిగితే ఎవరూ వినలేదు అన్నది తెలుసుకోకుండా తీర్పు చెప్తే, మనం కూర్చున్నదీ అదే కుర్చీలో.

ఈసారి కోయిలకుంట్ల మీదుగా అహోబిలం వెళ్తే, ఊళ్లో కాసేపు ఆగండి. పెద్దవాళ్లని అడిగితే ఆయన పాట ఒకటైనా పాడి వినిపిస్తారు. ఆ తర్వాత కొండ ఎక్కి స్వామి ముందు నిలబడండి. హిరణ్యకశిపుడి సభలో పసివాడు ప్రహ్లాదుడి మీద కూడా విచారణ జరిగింది, శిక్షలూ పడ్డాయి. ఎవరూ వినని ఆ బిడ్డ మాట విని స్తంభంలోంచి వచ్చినవాడు మన నరసింహుడు. ఆయన దగ్గర గెలుపు అడగకండి. ఎదుటివాడి మాట చివరిదాకా వినే ఓపిక అడగండి.

అహోబిల నరసింహుడి దయ మనందరి మీదా ఉండాలి. వచ్చే వీడియోలో కలుద్దాం.